వైద్య విద్యార్థులకు సాంస్కృతిక వినయం నేర్పడం ఎలా?

సాంస్కృతిక వినయం అంటే, పేషెంటు నమ్మకాలూ అలవాట్లూ మనకు ముందే తెలుసనుకోకుండా ఆ మనిషినే అడిగి తెలుసుకోవడం, మన పక్షపాతాలను మనమే తరచి చూసుకోవడం.

1. ముందు మీ తప్పు మీరు చెప్పండి. నేను మొదటి క్లాసులో ఇది చెబుతాను: ఒక బాలింత పత్యం పేరుతో కారప్పొడి అన్నమే తింటోందని వార్డులో అందరి ముందూ గద్దించాను. మర్నాటి నుంచి ఏమడిగినా "అన్నీ తింటున్నానమ్మా" అనేది. ఆమె చేత అబద్ధం ఆడించింది నేనే. టీచరే ఇలా బయటపడితే పిల్లలు నోరు విప్పుతారు.

2. కాగితాలు పంచి, పేరు లేకుండా రాయమనండి. మీ ఇంట్లో బాలింతకు ఏం పెట్టరు? దిష్టి తీస్తారా? పచ్చకామెర్లు వస్తే ముందు ఎవరి దగ్గరికి వెళతారు? అన్నీ పైకి చదవండి. పేషెంట్లవి మూఢనమ్మకాలని నవ్వినవాళ్లకు వాటిలో తమ ఇల్లే కనిపిస్తుంది.

3. ఓపీలో గంటసేపు కూర్చుని, ఎవరిని "నువ్వు" అన్నాం, ఎవరిని "మీరు" అన్నాం అని గీతలు పెట్టమనండి. అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. నలిగిన చీరలో వచ్చిన అరవై ఏళ్ల మనిషిని "ఏంటి నీకు?" అంటాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడికి "కూర్చోండి" అంటాం. కొన్ని ఊళ్లలో "నువ్వు" అనడం ఆప్యాయతే, నిజమే. కానీ అదే ఆప్యాయత ఆ కుర్రాడి మీద ఎందుకు రాలేదో అడగండి. జవాబు మీరు చెప్పకండి, కాసేపు ఆగండి.

4. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, అమెరికన్ సైకియాట్రిస్టు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ సూచించిన తరహా ప్రశ్నలు అడిగించండి: ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నారు? దీనివల్ల మీకు దేనికి ఎక్కువ భయం? "వేడి చేసింది" అని ఎవరైనా అంటే సరిదిద్దకుండా, "అంటే ఎక్కడ, ఎలా ఉంది?" అని అడగాలి. అది నోటిపూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు.

5. "ఫలానా వాళ్లు ఇలా ఉంటారు" అనే జాబితాలు బట్టీ పట్టించకండి. సాంస్కృతిక వినయం అనే ఆలోచనను 1998లో అమెరికాలో ముందుకు తెచ్చిన మెలనీ టెర్వలాన్, జాన్ మరే-గార్సియా తమ వ్యాసంలో ఒక నర్సు సంగతి రాశారు. ఆపరేషన్ అయిన లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) పేషెంటు బాగా నొప్పి పడుతోందని డాక్టరు అంటే, ఆ నర్సు కొట్టిపారేసింది. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పేషెంట్లు నొప్పిని ఎక్కువ చేసి చెబుతారని ఆమె కోర్సులో నేర్చుకుంది మరి! మన దగ్గర "గిరిజనులు ఆసుపత్రికి రారు" అనేది అలాంటి పాఠమే. బస్సు ఉందా, ఆ రోజు కూలి పోతే ఎలా, కౌంటర్లో గోండి అర్థమయ్యేవాళ్లు ఉన్నారా అని విద్యార్థులే కనుక్కోవాలి.

6. ఎంబీబీఎస్‌లో కుటుంబ దత్తత కార్యక్రమం (విద్యార్థులు ఊళ్లో కొన్ని కుటుంబాలను ఎంచుకుని వాళ్ల ఆరోగ్యం గమనిస్తూ ఉండటం) ఎలాగూ ఉంది. మొదటిసారి బీపీ మిషన్ లేకుండా పంపండి, ఊరికే మాట్లాడి రమ్మనండి.

7. వారానికో పేజీ డైరీ రాయించండి, మార్కులు మాత్రం వేయకండి. మార్కులుంటే మనకు నచ్చేదే రాస్తారు.