బడి మిద్దె మీద సోలార్: బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ బెస్కామ్‌కు దరఖాస్తు చేసే విధానం

ముందు బడి కరెంటు బిల్లు తీసి దాని మీద ఎవరి పేరుందో చూడండి. బడి కట్టిన బిల్డరు పేరో, స్థలం అమ్మిన ఆసామి పేరో, ఎప్పుడో తప్పుకున్న ట్రస్టీ పేరో ఉంటే సోలార్ మాట తర్వాత. మీటరు ఎవరి పేరున ఉంటే దరఖాస్తూ వాళ్లదే, బెస్కామ్‌తో చేసుకునే ఒప్పందం మీద సంతకమూ వాళ్లదే. ట్రస్టు పేరున దరఖాస్తు, ఇంకొకరి పేరున మీటరు ఉంటే ఫైలు బెస్కామ్ సబ్‌డివిజన్ ఆఫీసు దాటదు. పేరు మార్పిడికి ఖాతా (నగరపాలిక ఆస్తి రికార్డు), ఆస్తి పత్రం లేదా లీజు, ట్రస్టు డీడ్ జతచేసి విడిగా దరఖాస్తు వేయాలి. ఈ సంగతి వెండర్లు చాలాసార్లు అడ్వాన్సు తీసుకున్నాకే చెబుతారు. పాత బకాయిలుంటే అవీ ఇప్పుడే కట్టేయండి.

ఇక్కడ చెప్పేది ట్రస్టులు నడిపే ప్రైవేటు, ఎయిడెడ్ బడుల గురించి. ప్రభుత్వ బడిలో భవనం విద్యాశాఖది కాబట్టి ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) తీర్మానం ఒక్కటే చాలదు, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ద్వారా శాఖ అనుమతి రావాలి.

బిల్లులో చూడాల్సినవి

ఆర్.ఆర్. నంబరు (కనెక్షన్ నంబరు), అకౌంట్ ఐడీ, మంజూరైన లోడు (మీ కనెక్షనుకు బెస్కామ్ ఒప్పుకున్న కిలోవాట్లు), టారిఫ్ తరగతి రాసిపెట్టుకోండి. వీటిలో మంజూరైన లోడు ముఖ్యం. కేంద్రం 2021లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం నెట్ మీటరింగ్ (మీరు బయటికి పంపిన యూనిట్లను వాడినవాటిలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి) 500 కిలోవాట్ల వరకు, లేదా మంజూరైన లోడు వరకు, ఏది తక్కువైతే అంతవరకే. కొన్ని బడుల్లో ఆఫీసుకొక మీటరు, ప్రైమరీ బ్లాకుకొకటి, హాస్టలుకొకటి ఉంటాయి. మామూలు నెట్ మీటరింగులో ప్లాంటు ఏ మీటరుకు తగిలిస్తే ఆ మీటరు బిల్లే తగ్గుతుంది. ఎక్కువ యూనిట్లు కాలే మీటరు ఏదో తేల్చుకోకుండా కొటేషన్ అడగొద్దు.

ఎన్ని కిలోవాట్లు?

ఎక్కువ డబ్బు పోయేది ఈ లెక్క తప్పితేనే. మంజూరైన లోడు 40 కిలోవాట్లుంది, మిద్దె ఖాళీగా ఉంది, కాబట్టి 40 పెట్టేద్దాం అంటారు. బడి కరెంటు వాడే తీరు ఇంటిలా ఉండదు. ఆదివారాలు ఫ్యాన్లు తిరగవు. ఎండ మండే ఏప్రిల్, మే నెలల్లో బడికి సెలవులు. ప్యానెళ్లు బాగా పండే రోజుల్లోనే వాడేవాళ్లుండరు.

పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని లెక్క కట్టండి. ఒక బడి మామూలు నెలలో 3,400 యూనిట్లు, సెలవుల రెండు నెలల్లో నెలకు 1,200 యూనిట్లు వాడుతుందనుకుందాం. ఏడాదికి 36,400. బెంగళూరులో ఒక కిలోవాట్ సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 25 కిలోవాట్ల ప్లాంటు నెలకు 3,000 ఇస్తుంది. పది నెలలూ మొత్తం మన బిల్లులోనే తగ్గిపోతుంది, సెలవుల్లో మాత్రం 3,600 యూనిట్లు మిగులుతాయి. అదే 40 కిలోవాట్లు పెడితే నెలకు 4,800. ఏడాది మొత్తం మీద 21,200 యూనిట్లు మిగులు. ఈ మిగులుకు బెస్కామ్ ఇచ్చే ధర, ఒప్పందం నాటికి కేఈఆర్‌సీ (కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్) నిర్ణయించిన ధర, మీరు యూనిట్‌కు కట్టే ధర కంటే బాగా తక్కువ. ఈ బడికి 25 చాలు. అంతకు మించి పెట్టే ప్రతి ప్యానెలూ బడి కంటే వెండరుకే ఎక్కువ లాభం.

ఫిక్స్‌డ్ ఛార్జీ లోడును బట్టి పడుతుంది కాబట్టి సోలార్ వచ్చినా తగ్గదు. వెండరు చూపే ‘పెట్టుబడి తిరిగొచ్చే’ లెక్కలో అదీ కలిపేసి ఉంటే కొట్టేయించండి. 40 శాతం తరుగుదల (డిప్రిసియేషన్) వల్ల పన్ను మిగులుతుందన్న వరస కూడా కొట్టేయాల్సిందే. ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇక 78,000 రూపాయల పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకు ఇచ్చేది. బడికి రాదు.

మిద్దె

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. 25 కిలోవాట్లంటే 550 వాట్ల ప్యానెళ్లు 46. ఒక్కొక్కటి 28 కిలోల దాకా తూగుతుంది, అంటే స్ట్రక్చర్ కాక 1,300 కిలోలకు దగ్గర. పాత భవనమైతే స్ట్రక్చరల్ ఇంజనీరు సర్టిఫికెట్ తీసుకోండి. నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు, పక్కన లేచిన అపార్టుమెంటు నీడ ఎంతసేపు ఎక్కడ పడుతుందో ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 3కి ఫొటోలు తీసి పెట్టండి. వరసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ స్ట్రింగ్ (వరసగా ఒకే తీగకు కలిపిన ప్యానెళ్లు) మొత్తం దిగుబడి మీద దెబ్బ పడొచ్చు. ప్యానెళ్లు దక్షిణం వైపు, 10 నుంచి 15 డిగ్రీల వాలుతో ఉండాలి.

దరఖాస్తు

బెస్కామ్ వెబ్‌సైటులో సోలార్ రూఫ్‌టాప్ విభాగంలో ఆన్‌లైన్‌గా వేయాలి. తాజా బిల్లు, ట్రస్టు డీడ్, ఫలానా వ్యక్తికి సంతకం అధికారం ఇస్తూ చేసిన తీర్మానం, ఆ వ్యక్తి గుర్తింపు పత్రం, ఆస్తి పత్రం, మిద్దె ఫొటోలు దగ్గర పెట్టుకోండి. అద్దె భవనమైతే యజమాని నిరభ్యంతర పత్రం కావాలి. ఒప్పందం పాతికేళ్లది, మీ లీజులో ఇంకా ఎన్నేళ్లున్నాయో యజమాని దగ్గర ముందే తేల్చుకోండి. తీర్మానంలో ఆర్.ఆర్. నంబరు, కిలోవాట్లు రెండూ రాయండి. ‘సోలార్ పెట్టుటకు తీర్మానించడమైనది’ అని ఊరికే రాస్తే మళ్లీ సమావేశం పెట్టుకోవాల్సి వస్తుంది.

రుసుము కట్టాక ట్రాన్స్‌ఫార్మరు ఆ లోడు తట్టుకుంటుందో లేదో సబ్‌డివిజన్ వాళ్లు చూస్తారు. కేంద్ర నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం 10 కిలోవాట్ల దాకా ఈ పరిశీలన అక్కర్లేదు. అంతకు మించితే 15 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఆమోదించినట్టే లెక్క. అందుకే దరఖాస్తు రసీదు, తేదీ జాగ్రత్త. ఆ తర్వాత ఆమోద పత్రం, స్టాంపు పేపరు మీద ఒప్పందం. పని ఎన్నాళ్లలో ముగించాలో ఆమోద పత్రంలో ఉంటుంది.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆమోదం రాకముందే ప్యానెళ్లు దింపించుకునే బడులున్నాయి. కిలోవాట్లు తగ్గించమంటే ఆ సరుకు ఏం చేస్తారు? సెలవుల్లో పని జరగాలంటే జనవరిలో దరఖాస్తు పడాలి.

కొటేషన్‌లో

ప్యానెల్ మోడల్ కేంద్రం ఆమోదించిన ఏఎల్ఎంఎం జాబితాలో ఉండాలి. పేరొక్కటే సరిపోదు, మోడల్ నంబరు సరిచూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 70 శాతం సరుకు, 30 శాతం పని (దాని మీద 18 శాతం) అనే లెక్కన మొత్తం బిల్లు మీద పడేది 8.9 శాతం, పాత లెక్కలో 13.8. పది లక్షల పని మీద తేడా 49,000. ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని సర్దుబాటు చేసుకోవడం) తీసుకోలేని బడికి ఇది చేతి డబ్బు. పాత కొటేషన్ తేదీ మార్చి ఇస్తున్నారేమో చూసుకోండి.

ఎర్త్ పిట్లు మూడు విడివిడిగా ఉండాలి: పిడుగు రక్షణకొకటి, డీసీ (ప్యానెళ్ల) వైపు ఒకటి, ఏసీ (బడి కరెంటు) వైపు ఒకటి. స్ట్రక్చరు భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం సెకనుకు 33 మీటర్ల గాలికి డిజైన్ అయిందని డ్రాయింగ్ మీద రాయించుకోండి, బెంగళూరుకు ప్రాథమిక గాలి వేగం అదే. వేర్వేరు కంపెనీల కనెక్టర్లు ఒకదానికొకటి తగిలిస్తే పట్టు సరిగా కుదరక వేడెక్కి కాలతాయి. మిద్దె తలుపుకు తాళం తప్పనిసరి: ఇన్వర్టరు (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పెట్టె) ఆపినా ఎండ ఉన్నంతసేపూ డీసీ తీగల్లో వందల వోల్టులుంటాయి, బంతి కోసం పిల్లలు పైకెక్కే చోటు అది.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి ప్రమాదం రాకుండా ఇన్వర్టరే ఆగిపోతుంది. జనరేటరుతో కలిపి నడపాలంటే దానికి తగిన కంట్రోలరు కొటేషన్‌లో విడిగా ఉండాలి. అది లేకుండా కలిపితే సోలార్ కరెంటు జనరేటరులోకి ఎదురెక్కి దాన్ని పాడుచేస్తుంది.

మీటరు, మొదటి బిల్లు

25 కిలోవాట్ల స్థాయిలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ డ్రాయింగ్ ఆమోదం, పని అయ్యాక సేఫ్టీ సర్టిఫికెట్ తీసుకోవాలి. బై-డైరెక్షనల్ మీటరును (వచ్చిన, పంపిన కరెంటును విడివిడిగా కొలిచేది) పరీక్ష చేయించి, బెస్కామ్ వాళ్లు బిగించి సీలు వేసేదాకా ప్లాంటు ఆన్ చేయొద్దు. ‘టెస్టింగ్ కోసం’ అని వెండరు మనిషి నాలుగు రోజులు నడిపితే, ఎటు పోయినా కూడుకునే పాత మీటరు మీరు బయటికి పంపిన కరెంటును కూడా వాడకం కింద రాస్తుంది. సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందని గొడవ పడేవాళ్లలో కొందరి కథ ఇదే.

మొదటి బిల్లు వచ్చాక ఇన్వర్టరు యాప్‌లో 3,000 యూనిట్లు, బిల్లులో ఎక్స్‌పోర్టు 800 అని చూసి బెదరొద్దు. మిగతా 2,200 పగలు బడిలోనే ఖర్చయ్యాయి, మీటరు దాకా రాలేదు. చూడాల్సింది గుణకం, అంటే రీడింగును దేనితో హెచ్చిస్తే అసలు యూనిట్లు వస్తాయో ఆ అంకె. సీటీ మీటరుకు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కొలిచేది) గుణకం 20 అయితే, ఇంపోర్టు రీడింగు తేడా 60 అంటే 1,200 యూనిట్లు, ఎక్స్‌పోర్టు తేడా 40 అంటే 800. బిల్లు 400కే పడాలి. ఎక్స్‌పోర్టుకు గుణకం వేయడం మరిచిపోతే 1,160కి పడుతుంది. అలా కనిపిస్తే మీటరు ఫొటో, ఒప్పందం కాపీ పెట్టి సబ్‌డివిజన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. 1912కు చేస్తే వచ్చే ఫిర్యాదు నంబరు కూడా అందులో రాయండి.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న పెద్ద బడులు పవర్ ఫ్యాక్టరు (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చిన వంతు) మీద కన్నేయాలి. గ్రిడ్ నుంచి తీసుకునే యూనిట్లు తగ్గినా రియాక్టివ్ లోడు (మోటార్ల వంటివి లాగే, పనికి రాని వంతు) అలాగే ఉంటుంది కనుక పవర్ ఫ్యాక్టరు పడిపోయి జరిమానా రావచ్చు. కెపాసిటర్ బ్యాంకు సరిచేయించాలి, లేదా ఇన్వర్టరు సెట్టింగు మార్పించాలి.

ప్యానెళ్లు నెలకు రెండుసార్లు, తెల్లవారుజామునో సాయంత్రమో కడగండి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది. బోరు నీళ్లు ఆరితే తెల్ల చారలు కడతాయి, రబ్బరు వైపరుతో వెంటనే లాగేయాలి.