చలి ముదరకముందే పెరటి కోళ్ల లెక్క తేల్చుకోండి

తొలకరికి పొదిగించిన పిల్లలన్నీ ఎదిగి వచ్చేసరికి దసరా దగ్గర పడుతుంది. పగలు పెరట్లో, గట్ల మీద తిరిగేటప్పుడు ముప్పై కోళ్లున్నా ఎక్కువ అనిపించవు. రాత్రి గూటి తలుపు వేసేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. చలికాలానికి ఎన్ని ఉంచుకోవాలో చెప్పేది ఆ గూడే.

కాబట్టి ముందు టేపు తీసుకుని గూడు కొలవండి. రాత్రి పడుకోవడానికి మాత్రమే వాడే గూట్లో ఎదిగిన కోడికి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు ఉండాలి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గూడంటే 24 చదరపు అడుగులు, అంటే 16 కోళ్లు. లోపల కూర్చోవడానికి కర్రలు కడితే ఒక్కో కోడికి 8 అంగుళాలు వదలండి. ఎండాకాలంలో నాలుగైదు చెట్టెక్కి పడుకున్నా గడిచిపోతుంది. మంచు పడే రోజుల్లో అన్నీ లోపలికే వస్తాయి.

ఇరుకు గూట్లో కోళ్లను చంపేది చలి కన్నా గాలి ఆడకపోవడమే. చలికి భయపడి నాలుగు వైపులా గోనెపట్టాలు బిగించి కడతారు. ఊపిరి తేమ, రెట్టల తడి కలిసి ఊక మాగి, అమోనియా ఘాటు పుడుతుంది. తెల్లవారి తలుపు తీయగానే మీ ముఖం కోళ్ల ఎత్తులో పెట్టి ఒకసారి పీల్చి చూడండి. కళ్లు మండితే, ఆ గాలిని అవి రాత్రంతా పీల్చినట్టే. వారం తిరక్కుండా తుమ్ములు, ముక్కు కారడం, గురక మొదలవుతాయి. గోనెలు గాలి కొట్టే వైపు, అదీ కోడి తల ఎత్తు దాకానే కట్టండి. పైన జానెడు ఖాళీ రాత్రంతా తెరిచే ఉండాలి. కింద రెండు మూడు అంగుళాల మందాన పొడి వరి ఊక వేసి, తడిసినచోట ఎత్తేసి కొత్తది పోయండి.

ఇక మేత లెక్క. బయట తిరిగి తినే కోడికి సాయంత్రం 40 గ్రాముల నూకలో, జొన్నలో, మొక్కజొన్నో వేస్తారనుకుందాం. 16 కోళ్లకు 90 రోజులకు దాదాపు 58 కిలోలు. అదే ముప్పైకి 108 కిలోలు. చలికి ఒంటి వేడి నిలుపుకోవడానికే కోడి ఎక్కువ తింటుంది, పురుగూ పచ్చికా తగ్గుతాయి కాబట్టి ఈ లెక్కకు కాస్త పైనే పట్టుకోండి. వరి పండే ఊళ్లలో కోతల తర్వాత రాలిన గింజ కొంత ఆదుకుంటుంది. కానీ పక్కింటివాళ్లు ఆరబోసిన ధాన్యం మీద మీ కోళ్లు పడితే వచ్చే తగాదా కూడా ఆ నెలల్లోనే. మంద చిన్నదైతే ఆ గొడవా చిన్నదే.

16 నిలుపుకోవాలనుకుంటే అందులో పది గుడ్లు పెట్టే పెట్టలు, నాలుగు ఎదుగుతున్న పెట్టలు, రెండు పుంజులు ఉంటే సరిపోతుంది. పది పెట్టలకు ఒక్క పుంజు చాలు, రెండోది దానికేమైనా అయితే అక్కరకు. అంతకు మించి పుంజులుంటే మేత దండగ, పైగా పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోయేదాకా తొక్కుతాయి.

ఏ పెట్ట ఉండాలి, ఏది పోవాలి అన్నదాన్ని పగలు వెంటపడి తేల్చలేరు. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఒక్కోదాన్ని గూట్లోంచి తీసి చంకలో పెట్టుకోండి. తోక కింద రెండు సన్నటి ఎముకలు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే, అవి సన్నగా వంగేలా ఉంటే, గుడ్డు దిగే ద్వారం వెడల్పుగా తడిగా ఉంటే అది పెడుతున్న పెట్ట. ఒక వేలే పట్టి, ఎముకలు బిరుసుగా, ద్వారం ముడుచుకుని పొడిగా ఉంటే పెట్టడం లేదు. తర్వాత రొమ్ము ఎముక తడమండి. రెండు పక్కలా కండ లేకుండా కత్తి అంచులా తగిలితే ఆ కోడికి లోపల ఏదో జబ్బో, పురుగులో ఉన్నట్టు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కార్తీకం నాటికి గుడ్లు ఆపిన ప్రతి పెట్టనూ అమ్మేస్తారు. ఈకలు రాల్చే కాలమిది. పగటి నిడివి దాదాపు పదకొండు గంటలకు తగ్గిపోయి, మంచి పెట్టలు కూడా కొన్ని వారాలు గుడ్లు ఆపుతాయి. చూడవలసింది ఎప్పుడు రాల్చింది, ఎంత తొందరగా ముగించింది అన్నది. ఆలస్యంగా మొదలుపెట్టి, ఒక్కసారిగా గుత్తులుగా రాల్చి, త్వరగా కొత్త ఈకలు తొడిగేది మంచి పెట్ట. శ్రావణంలోనే మొదలుపెట్టి నెలల తరబడి ఒకటీ అరా రాలుస్తూ తిరిగేదాన్ని ఉంచుకోకండి. మూడేళ్లు దాటినవి, గుడ్లు పొడుచుకు తినేవి, పొదుగు మధ్యలో వదిలి లేచేవి కూడా పోవలసినవే. బాగా తూగుతుంది కదా అని ఎదిగే పెట్టల్లో మేలైనదాన్ని మాత్రం అమ్మకండి. ఏటా అలా చేస్తే నాలుగేళ్లకు మందలో నాసివే మిగులుతాయి.

అమ్మకానికి మనకున్న కాలం రెండు ముక్కలు. దసరా ఒకటి, క్రిస్మస్ నుంచి కనుమ దాకా రెండోది. నడుమ కార్తీకంలో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు, బేరం పడిపోతుంది. ముసలి పెట్టలు, వంకరవి, మిగులు పుంజుల్లో ఎదిగినవి దసరాకే తీసేయండి. వాటిని కనుమ దాకా మేపితే వచ్చే ధర మేతకే సరి. జూలై, ఆగస్టుల్లో పుట్టిన పుంజు పిల్లలు కనుమకు అయిదారు నెలలవుతాయి కాబట్టి వాటిని మాత్రం ఆపుకోవడం న్యాయం. అమ్మేటప్పుడు చూపు బేరం వద్దు. చిన్న వేలాడే కాటా కొనుక్కుని తూకానికి ఇవ్వండి. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీస్తే కోడికి నరకం, కండ కమిలి మాంసమూ చెడుతుంది. గంపలో పెట్టి చల్లటి పూట తీసుకెళ్లండి.

కొక్కెర తెగులు (రాణిఖెట్) టీకా చలికి ముందే పడాలి. నట్టల మందు తాగించి, వారం ఆగి, ఎనిమిది వారాలు దాటినవాటికి ఆ తెగులుకు వేసే ఆర్‌2బి టీకా వేయించండి. రక్షణ రావడానికి మరో రెండు వారాలు పడుతుంది. ఒక్క సీసాలోనే వంద, అంతకు మించి డోసులుంటాయి. కలిపాక రెండు గంటల్లో, ఐసు మీద ఉంచుతూ వాడేయాలి. అందుకని వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే ఉదయం వేయించుకోవడం మేలు. మందు తాగించిన కోళ్లను, దాని మీద రాసిన గడువు దాటాకే కోతకు ఇవ్వాలి. పచ్చటి విరోచనాలు, మెడ తిప్పడం, నోరు తెరిచి ఎగపోయడం కనిపిస్తే అమ్మకం ఆపి పశువైద్యుడికి చెప్పండి. సగం ధరకైనా వదిలించుకుందామనుకుంటే ఆ తెగులు పక్క ఊరికి మీ గంపలోనే వెళుతుంది. చచ్చినవాటిని సున్నం చల్లి లోతుగా పూడ్చండి.

ఈ నెలల్లో ఎన్ని పెట్టలను పొదగేస్తారన్నదీ మంద లెక్కలోదే. ఒకటి రెండు చాలు, ఒక్కోదాని కింద పది పన్నెండు గుడ్లు. తల్లి రెక్కల కింద పట్టనన్ని పిల్లలుంటే అంచున ఉన్నవి తెల్లారేసరికి బిర్రబిగుసుకుపోతాయి. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు చలికి ఇది మరీ ఎక్కువ. తల్లి లేని పిల్లలైతే 50కి ఒక 100 వాట్ల పాతరకం బల్బు కావాలి, ఎల్‌ఈడీకి వేడి ఉండదు. పిల్లలు బల్బు కిందే గుంపు కడితే దాన్ని దించండి, దూరంగా పారితే ఎత్తండి.

సంతలో అమ్ముడుపోక తిరిగొచ్చిన కోడిని, ఒకే సంతతివి తమలో తాము జతకట్టకుండా వేరే ఊరి నుంచి తెచ్చిన పుంజును నేరుగా గూట్లోకి వదలకండి. మూడు వారాలు దూరంగా, వేరే గంపలో, వేరే నీళ్ల చిప్పతో ఉంచండి. ముందు మందకు మేత వేసి, ఆ తర్వాతే వాటి దగ్గరికి వెళ్లండి.