కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి జట్లను ఎలా ఎంచుకోవాలి?

డాలస్ ఎయిర్‌పోర్టు పక్కనే గ్రేప్‌వైన్ అని ఒక ఊరుంది. ఆ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊరే. సీజన్ చివర్లో 13 మంది సభ్యుల కమిటీ అక్కడ ఒక హోటల్లో కూర్చుని, సగం అమెరికా చేత తిట్లు తినే పని చేస్తుంది. కాలేజీ జట్లలో అమెరికన్ ఫుట్‌బాల్ ఛాంపియన్ ఎవరో తేల్చే నాకౌట్ పోటీకి, అంటే కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి, 12 జట్లను ఎంపిక చేయడమే ఆ పని.

ఐపీఎల్‌లో ఈ తలనొప్పి లేదు, పాయింట్ల పట్టిక చూస్తే తేలిపోతుంది. ఇక్కడ 130కి పైగా జట్లు, చాలావరకు కాన్ఫరెన్స్‌లనే గుంపులుగా ఆడతాయి. ఒక్కోదానికి మామూలు సీజన్‌లో 12 ఆటలే, కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్తే ఇంకొకటి. చాలా జట్లు ఒకదాని ముఖం ఒకటి చూడవు. అందుకే ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. టీవీని తిట్టే బదులు ఓ నలుగురు స్నేహితులతో ఆ పని మీరే చేసి చూడండి.

ముందుగా జట్ల పేర్లు దాచేయండి. ఒక్కో జట్టుకి ఒక చీటీ రాసి, పేరు బదులు అ, ఆ, ఇ అని పెట్టండి. 2024 సీజన్ నుంచి రెండు చీటీలు చూడండి.

అ: 9 గెలుపులు, 3 ఓటములు. జార్జియా లాంటి గట్టి జట్టును ఓడించింది. వాండర్‌బిల్ట్ చేతిలో ఓడింది, ఓక్లహోమా చేతిలో 24-3తో చిత్తయింది.

ఆ: 11 గెలుపులు, 2 ఓటములు. ఆ రెండూ మూడేసి పాయింట్ల తేడాతోనే: 18-15, 34-31. కాకపోతే చెప్పుకోదగ్గ పెద్ద గెలుపు లేదు.

మొదటిది పెద్ద పేరున్న అలబామా, రెండోది ఎస్‌ఎంయూ, అంటే డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ. పేరు కనబడితే చాలామంది చెయ్యి అలబామా వైపే పోతుంది. కమిటీ మాత్రం ఎస్‌ఎంయూకే చోటిచ్చింది. తర్వాత ఎస్‌ఎంయూ 38-10తో పెన్ స్టేట్ చేతిలో ఓడితే, ఎంపికే తప్పన్నారు. ఆ వాదన నాకు నచ్చదు. ఎంపిక చేసిన రోజుకి ఆ ఆట జరగనేలేదు కదా.

తర్వాత ఎవరు ఎవరితో ఆడారో చూడండి. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) ఒక షిఫ్టుకి పేపర్ కష్టంగా వస్తే నార్మలైజేషన్ చేసినట్టే ఇదీ. గట్టి జట్ల మీద 10 గెలిచినవాళ్లూ, బలహీన జట్ల మీద 11 గెలిచినవాళ్లూ ఒకటి కాదు. అలాగని ఎంత తేడాతో గెలిచారన్నదానికి మరీ విలువ ఇవ్వకండి. ఇస్తే ప్రతి కోచ్ చిన్న జట్ల మీద 70 పాయింట్లు కొట్టాలని చూస్తాడు.

జోస్యం మాత్రం వద్దు. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచి కాన్ఫరెన్స్ ఛాంపియన్ అయింది. అయినా క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) గాయపడ్డాడు, జట్టు ఇక మునుపటిలా లేదు అంటూ పక్కన పెట్టారు. అప్పట్లో ఉన్నవి నాలుగే సీట్లు. ముఖ్య ఆటగాళ్ల గాయాలను లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధనల్లో ఉన్న మాట నిజమే. కానీ గెలిచిన ఆటల కంటే ఆడని ఆటకి ఎక్కువ మార్కులు వేయడం ఏం న్యాయం? మీ ఇంటి కమిటీలో ఆ కాలమ్ కొట్టేయండి.

రెండు జట్లు దాదాపు సమానంగా ఉంటేనే ముఖాముఖి ఆట చూడండి. 2025లో మయామీ, నోటర్ డామ్ రెండూ 10-2. సీజన్ మొదటి ఆటలోనే మయామీ 27-24తో నోటర్ డామ్‌ని ఓడించింది. అయినా కమిటీ ప్రతి వారం ఇచ్చే ర్యాంకుల్లో వారాల తరబడి నోటర్ డామ్‌నే పైన ఉంచి, ఇద్దరూ ఆడని చివరి వారంలో స్థానాలు మార్చేసింది. నిర్ణయం సరైనదే, ఆలస్యమే తప్పు. ఆ లెక్క మొదటి వారమే వేసుంటే ఇంత రభస ఉండేది కాదు.

ఓటింగ్ కమిటీ పద్ధతిలోనే పెట్టండి, అది బాగుంటుంది. ఒకేసారి 25 ర్యాంకులు ఇవ్వరు. ముందు అందరూ తలా ఆరు జట్లు రాస్తారు. ఎక్కువ ఓట్లొచ్చిన ఆరింటికి 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. మొత్తం అంకె తక్కువొచ్చిన మూడూ పైకెళ్తాయి, మిగతా మూడూ తర్వాతి రౌండ్‌కి ఆగుతాయి.

ర్యాంకులన్నీ అయ్యాకే కోటా. 2025 నిబంధనల్లో అందరికంటే పై ర్యాంకుల్లో ఉన్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకు సీటు ఖాయం, మిగతా ఏడు ర్యాంకు ప్రకారం. ఆ ఏడాది ఏసీసీ అనే కాన్ఫరెన్స్ గెలిచిన డ్యూక్ ఆ ఐదుగురిలో లేదు, కాబట్టి సీటూ లేదు. మొదటి నాలుగు జట్లకు తొలి రౌండ్‌లో బై, అంటే ఆ రౌండ్ ఆడక్కర్లేదు. 5 నుంచి 8 వరకు ఉన్నవాళ్లకు సొంత మైదానంలో ఆట.

ఇంకొక్క మాట. తాము పనిచేసే కాలేజీ చర్చకొచ్చినప్పుడు కమిటీ సభ్యులు గది బయటికెళ్లాలి. మీ ఇంట్లోనూ అలాంటి రూలే పెట్టండి. చర్చలో ఉన్న కాలేజీలో చదివిన స్నేహితుణ్ని టీ పెట్టమని వంటగదిలోకి పంపేయండి. ఓటింగ్ అయ్యేదాకా పిలవకండి.