యాక్సొలాటల్ తినడం మానేసిందా? ముందు తిండి తీసేయండి, తర్వాత థర్మామీటర్ చూడండి

మొన్న ఏప్రిల్‌లో మిర్యాలగూడ నుంచి, తొట్టిలో యాక్సొలాటల్ అనే నీటి జీవిని పెంచుకునే ఒక తమ్ముడు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. "అన్నా, నాలుగు రోజులాయె, ఏం తింటలేదు. రొయ్య పెట్టిన, చికెన్ పెట్టిన, లివర్ గూడ పెట్టిన." పెట్టినవన్నీ తీశావా అంటే అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. వీడియో కాల్‌లో చూస్తే రాయి కింద రొయ్య ముక్కకు తెల్లగా దూది పట్టింది, నీళ్లు కల్లుకుండ కడిగినట్టున్నాయి. పక్కింటి చేపల తొట్టి నుంచి థర్మామీటర్ తెచ్చి వేస్తే 30 డిగ్రీలు. తెల్లారేసరికి అది పోయింది.

నేను చూసిన చావుల్లో సగానికి పైగా ఇలాంటివే. ఆకలితో చావలేదు, వడ్డించి వడ్డించి చంపుకున్నారు. బాగా ఒళ్లున్న పెద్ద యాక్సొలాటల్ పది పదిహేను రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. కుళ్లిన ముక్క వదిలే అమ్మోనియాను మాత్రం రెండు రోజులు కూడా తట్టుకోలేకపోవచ్చు. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది, నీళ్లలో ఆక్సిజనూ తగ్గుతుంది. అందుకే మళ్లీ చెప్తున్నా, తినలేదా, ఇరవై నిమిషాల్లో ముక్క బయటికి తీసేయండి.

షాపులో "నడిచే చేప" అని అమ్ముతారు గానీ ఇది చేప కాదు, కప్పకు చుట్టం. దీని సొంతూరు మెక్సికో సిటీ పక్కన సోచిమిల్కో, సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన ఉన్న చల్లటి నీళ్లు. 16 నుంచి 18 డిగ్రీలు దానికి హాయి, 20 వరకు సర్దుకుంటుంది, 24 దాటితే ప్రమాదం. మన నల్లగొండలో మే నెలలో బయట 44 కొడుతుంటే గదిలో తొట్టి ఎంతకు చేరుతుందో మీరే ఆలోచించండి. వేడికి మొదట పోయేది ఆకలి. తర్వాత మొప్పల కుచ్చులు ముందుకు వంగుతాయి, తోక కొస కొక్కెంలా తిరుగుతుంది. ఈ రెండూ కనబడ్డాక కూడా "కొత్త తిండి ఏదైనా చెప్పన్నా" అని అడిగితే నాకు కోపం వస్తుంది.

చల్లబరచడానికి చిల్లర్ ఉంటే గొడవే లేదు, కానీ దాని ధర అందరికీ అందేది కాదు. నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే మన పొడి ఎండల్లో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వానలు పడి ఉక్కపోత మొదలైతే అంత పని చేయదు. ఫ్యాన్‌తో నీళ్లు తగ్గుతుంటాయి, రోజూ నింపాలి. నీళ్లు గడ్డకట్టించిన సీసాలు మార్చి మార్చి తేలేయండి, కరెంటు పోతుందని ఫ్రీజర్‌లో రెండు ఎక్కువే ఉంచండి. గబుక్కున చల్లబరచొద్దు, గంటకు ఒక డిగ్రీ దిగితే చాలు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం నేరుగా పోయకండి, చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. కలబంద కలిపిన రకం వద్దు.

తిండి సంగతికొస్తే ఎర్రలే, అంటే వానపాములే రాజభోజనం. పిల్లకు రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి. వర్మీకంపోస్టు ఎర్రలు చేదు ద్రవం వదులుతాయి, కొన్ని యాక్సొలాటళ్లు ఉమ్మేస్తాయి, దాన్ని జబ్బనుకోవద్దు. మందు కొట్టిన వరి పొలం గట్టు నుంచి మాత్రం ఎర్రలు తవ్వొద్దు. చికెన్, లివర్ మర్చిపోండి, కొవ్వు, కంపు తప్ప ఏమీ లేదు.

చల్లగానే ఉంది, అయినా తినట్లేదు అంటే అడుగున చూడండి. రంగురాళ్లు ఉన్నాయా? ఇది నోరు తెరిచి నీళ్లతో సహా పీల్చి మింగుతుంది, రాయీ ఎర్రా తేడా తెలియదు. మింగిన రాళ్లు పేగులో అడ్డుపడితే తిండి మానేస్తుంది, వెనక భాగం పైకి లేచి తేలుతుంది. రాళ్లన్నీ ఈ రోజే తీసేయండి. ఏమీ పరచకపోయినా పరవాలేదు.

ఇక వరసగా చెప్తా, రాసుకోండి. పొద్దునా సాయంత్రం థర్మామీటర్ చూడాలి. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాని నుంచే పుట్టే విషం నైట్రైట్, రెండూ సున్నా ఉండాలి, లేకపోతే ఆ రోజు తిండి బంద్, నీళ్ల మార్పిడి. అవి మరీ ఎక్కువైతే వేరే టబ్బులో చల్లటి, క్లోరిన్ తీసిన నీళ్లు పోసి యాక్సొలాటల్‌ను అందులోకి మార్చండి, రోజూ మొత్తం నీళ్లు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. చేపల మందులు వద్దు, రాగి ఉన్నదైతే అసలే వద్దు. నోరు తెరిచి బలవంతంగా పెట్టొద్దు. చిన్న చేపలు వేయొద్దు, రోగాలు తెస్తాయి, మొప్పలు కొరుకుతాయి. ఊరికి పోతూ పక్కింటి పిల్లలకు తిండి డబ్బా ఇచ్చి పోవద్దు, నాలుగు రోజులు పస్తుంటే దానికేం కాదు, మంచు సీసాలు మార్చేవాళ్లు దొరికితే చాలు. చల్లబరచి, నీళ్లు శుభ్రం చేసి, వారమైనా ముట్టకపోయినా, ఒళ్లు తల కంటే సన్నబడినా పశువుల డాక్టర్ దగ్గరికి పోండి, ఉభయచరాలు చూసేవాళ్లు ఇటువైపు తక్కువ కాబట్టి హైదరాబాద్‌లో ఎవరున్నారో ఇప్పుడే కనుక్కొని నంబర్ పెట్టుకోండి. ఆ ముక్క ఇంకా తొట్టిలోనే ఉందా? లేచి తీసేయండి.