ఎన్‌మ్యాప్ నడిపే ముందు

ఒక ప్రైవేటు కాలేజీలో నెట్‌వర్క్ చూసే పనిలో కొత్తగా చేరిన రోజులు. ఓ సాయంత్రం ఎన్‌మ్యాప్‌తో స్కాన్ పెట్టాను. నెట్‌వర్క్‌లో ఏ యంత్రాలు ఉన్నాయో, వాటిలో ఏ పోర్టులు (డేటా వచ్చిపోయే, నంబరున్న తలుపులు) తెరిచి ఉన్నాయో చూపే టూల్ అది. కమాండ్ ఎక్కడో చూసి కాపీ చేసుకున్నదే. అందులో 'ఆల్‌పోర్ట్స్' అనే ఆప్షన్ ఉంది, అదేం చేస్తుందో చదవలేదు. కాసేపటికి అకౌంట్స్ మేడం పరుగున వచ్చారు. "బాబూ, ప్రింటర్ దానంతటదే కాగితాలు కక్కుతోంది, ఒకసారి చూడు!" వెళ్లి చూస్తే ఒక కాగితం మీద 'గెట్'తో మొదలయ్యే ఒక్క లైను, ఇంకోదాని మీద అర్థంకాని గుర్తులు. ఫీజు రసీదుల కోసం పెట్టిన కాగితమంతా అయిపోయింది.

కొన్ని ప్రింటర్లు 9100 పోర్టుకు ఏం వచ్చినా అచ్చేస్తాయి. అది తెలిసే ఎన్‌మ్యాప్ చేసినవాళ్లు వెర్షన్ స్కాన్ (పోర్టు వెనుక ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో ప్రశ్నలు పంపి కనిపెట్టేది) ఆ పోర్టు జోలికి పోకుండా కట్టు పెట్టారు. ఆ ఆప్షన్‌తో కట్టు విప్పింది నేనే. గోర్డన్ లయన్ 'ఫ్యోదోర్' పేరుతో 1997 సెప్టెంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో సోర్స్‌కోడ్‌తో సహా ఈ టూల్‌ని బయటపెట్టారు. ఆయన రాసిన మాన్యువల్లో ఈ ప్రింటర్ల సంగతి స్పష్టంగా ఉంది. అందుకే నా దగ్గరికొచ్చే ఇంటర్న్‌లతో కమాండ్‌లో ప్రతి ఆప్షన్‌కీ మాన్యువల్ చదివిస్తాను. అర్థంకానిది తీసేయమంటాను.

డౌన్‌లోడ్ ఎన్‌మ్యాప్ సొంత సైటు నుంచి గానీ, మీ లినక్స్ రిపాజిటరీ (లినక్స్ వాళ్లే ప్రోగ్రాములు ఉంచే చోటు) నుంచి గానీ చేసుకోండి. 2011లో ఒక పేరున్న డౌన్‌లోడ్ సైటు ఎన్‌మ్యాప్‌కి టూల్‌బార్ అంటగట్టి ఇచ్చింది. దాన్ని బయటపెట్టింది లయనే. సైటు నుంచి దించితే, ఫైలుతోపాటు ఇచ్చే జీపీజీ సంతకాన్ని (ఫైలు అసలుదేనని, మధ్యలో ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ ముద్ర) సరిచూడండి. రెండు నిమిషాల పని.

ఇక అనుమతి. 'మన ఆఫీసేగా' అనుకోవద్దు, కాగితం మీదో మెయిల్లోనో తీసుకోండి. ఏ ఐపీలు (యంత్రాల నెట్‌వర్క్ అడ్రసులు), ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి వెళ్తే 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ వర్తిస్తుంది. మోసబుద్ధితో చేస్తే 66 కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పక్క ఫ్లాట్ వైఫై అయినా అంతే.

ముందు పింగ్ స్కాన్‌తో ఏవేవి ఆన్‌లో ఉన్నాయో చూడండి. ప్రింటర్లు, సీసీ కెమెరా డబ్బాలు, బయోమెట్రిక్ మెషిన్లు విడిగా రాసిపెట్టుకుని మినహాయించండి. మిగతావాటిని 'పొలైట్' టైమింగ్‌తో మెల్లగా స్కాన్ చేయండి. వచ్చిన రిజల్ట్ ఫైలు అనుమతి ఇచ్చినవాళ్లకు మాత్రమే ఇవ్వండి, వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఏ తలుపు తెరిచి ఉందో చెప్పే కాగితం అది.

చేయి తిరిగేదాకా ప్రాక్టీస్‌కి 'స్కాన్‌మీ డాట్ ఎన్‌మ్యాప్ డాట్ ఆర్గ్' ఉంది. స్కాన్ చేసుకోమని వాళ్లే పెట్టిన సర్వర్. రోజుకు కొన్నిసార్లయితే ఫర్వాలేదు, వందసార్లు మాత్రం వద్దని అక్కడే రాసిపెట్టారు.