చెనిక్కాయ మొలకలో నురగ, పాలలో నీలం: కణాల్లోని రెడాక్స్ చర్యలను తరగతిలో చూపించే విధానం

ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణమనీ, పొందడం క్షయకరణమనీ ఇంటర్మీడియట్ విద్యార్థి ఎవరైనా అప్పజెప్పగలడు. కానీ ఆ ఇచ్చిపుచ్చుకోవడం తన రక్తంలో ఈ క్షణాన కూడా జరుగుతోందనీ, అది కుంటుపడితే జబ్బుగా బయటపడుతుందనీ అతనికి నమ్మకం కుదరాలంటే కంటితో చూపించాలి. అనంతపురంలో పాఠం చెబుతున్న నేను ఇందుకు రెండు ప్రయోగాలను ఎంచుకున్నాను. రెండింటికీ ఖరీదైన పరికరాలు అక్కరలేదు.

మొదటిదానికి మన చెనిక్కాయలే చాలు. వొలిచిన పచ్చి గింజలను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక కనిపించేవరకు రెండు రోజులు ఉంచండి. ఎండకాలంలో గుడ్డ తొందరగా ఆరిపోతుంది కాబట్టి పూటకోసారి తడపాలి. ఏ కూరగాయ ముక్కైనా ఈ ప్రయోగానికి పనికొస్తుంది గానీ, నూనెగింజ మొలకను ఎంచుకోవడానికి కారణం ఉంది. మొలకెత్తే గింజ తనలోని నూనెను విడగొట్టి ఎదుగుదలకు వాడుకుంటుంది. ఆ పనిలో కణానికి హాని చేయగల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దాన్ని అక్కడికక్కడే నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి కెటలేజ్ అనే ఎంజైమ్ ఆ కణాల్లో దండిగా ఉంటుంది.

మందుల దుకాణంలో సాధారణంగా దొరికే 6 శాతం పెరాక్సైడ్‌కు సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం ద్రావణం అవుతుంది. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. చర్మం మీద పడితే తెల్లబడి మంటపుడుతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. ఒక పరీక్షనాళికలో చెంచాడు పచ్చి మొలకల ముద్ద, రెండో దానిలో పది నిమిషాలు ఉడికించిన మొలకల ముద్ద, మూడో దానిలో ఉత్త నీళ్లు తీసుకుని, ఒక్కోదానిలో 5 మిల్లీలీటర్ల ద్రావణం పోయండి. పచ్చి ముద్ద ఉన్న నాళికలో నురగ పొంగి అంచు దాకా వస్తుంది; నిప్పు ఉన్న అగరుబత్తిని ఆ నురగ దగ్గరికి తెస్తే కొస భగ్గున ఎర్రబడుతుంది, ఎందుకంటే ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్. ఉడికించిన ముద్దలో ఎంజైమ్ చెడిపోతుంది కాబట్టి నురగ రాదు. ఒక ఏడాది నేను కిటికీ పక్కన ఎండలో నెలల తరబడి ఉండిపోయిన సీసాను వాడాను. పచ్చి ముద్దలో కూడా నురగ రాలేదు, పిల్లలు మొలకలో ఎంజైమే లేదని రాసుకున్నారు. అప్పటినుంచి సీసాను చీకటిలో దాచి, తరగతికి ముందు ఒక చుక్కను బంగాళాదుంప ముక్క మీద వేసి చూసుకుంటున్నాను.

ఈ నురగ వెనుక ఒక జబ్బు కథ ఉంది, దాన్ని తప్పకుండా చెప్పండి. 1940లలో జపాన్‌లో షిగెవో తకహారా అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఒక బాలిక నోటి పుండును పెరాక్సైడ్‌తో కడిగినప్పుడు నురగ రాకపోగా రక్తం గోధుమ నలుపుకు తిరిగింది. ఆమె రక్తంలో కెటలేజ్ లేదని అలా తేలింది.

పెరాక్సైడ్ అంత చెడ్డదైతే ఆక్సీకరణను అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి అలాంటి పదార్థాలను కావాలనే తయారుచేస్తాయనీ, పుట్టుకతోనే ఆ శక్తి లోపించిన పిల్లలకు మళ్లీ మళ్లీ తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తాయనీ చెప్పండి. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులకు బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో వెల్లడైంది.

రెండో ప్రయోగానికి పాలు, మిథిలీన్ బ్లూ రంగు కావాలి. ఒక నాళికలో అప్పుడే కాచి చల్లార్చిన పాలు, మరొకదానిలో కాచకుండా మూడు నాలుగు గంటలు బయట ఉంచిన పాలు, 10 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఒక్కో మిల్లీలీటరు పలుచని రంగు ద్రావణం కలిపి, మూత బిగించి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో కదల్చకుండా నిలబెట్టండి. నిలవ పాలలో పెరిగిన బాక్టీరియా ముందు ఆక్సిజన్‌ను వాడేసుకుని, ఆపై ఎలక్ట్రాన్లను రంగుకు అప్పగిస్తుంది. దాంతో నీలం మాయమై పాలు తిరిగి తెల్లబడతాయి. అరగంటలోపే తెల్లబడితే ఆ పాల నాణ్యత బాగా తక్కువన్నమాట. తెల్లబడిన నాళికను గట్టిగా కుదిపితే గాలిలోని ఆక్సిజన్ తగిలి నీలం మళ్లీ వస్తుంది. తరగతి మొత్తం బల్ల చుట్టూ మూగేది ఇప్పుడే.

ఆ నాళికను చేతిలో పట్టుకునే రక్తం సంగతి ఎత్తుకోండి. హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటే అది ఆక్సిజన్‌ను మోయలేని మెథెమోగ్లోబిన్ అవుతుంది. నైట్రేట్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లతో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డలు నీలిబారడం ఇందువల్లే; లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశపు తాగునీటి ప్రమాణం, పైగా కాచితే నైట్రేట్ పోదు. తీవ్రమైన స్థితిలో వైద్యులు ఎక్కించేది ఈ మిథిలీన్ బ్లూనే. ఎర్ర కణంలో ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి ఎలక్ట్రాన్లను అందుకుని, పాలలో లాగే రంగు పోగొట్టుకుని, వాటిని ఇనుముకు తిరిగి ఇస్తుంది. దాన్ని తయారుచేయడానికి తోడ్పడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవారిలో ఆ ఎన్‌ఏడీపీహెచ్‌కే కొరత కాబట్టి, అదే మందు పనిచేయకపోగా ఎర్ర కణాలు పగిలిపోయే ప్రమాదం తెస్తుంది. మలేరియాకు వాడే ప్రైమాక్విన్‌తోనూ ఇదే భయం. ఇంట్లో ఎవరికైనా ఈ లోపం ఉందని తెలిసిన విద్యార్థి ఆ రక్తపరీక్ష కాగితాన్ని భద్రపరిచి, ఏ కొత్త మందుకైనా ముందు వైద్యుడికి చూపించాలని ఇంట్లో చెప్పేలా చూడండి.