వృద్ధాశ్రమంలో ఇన్సులిన్ వేసే ముందు జాగ్రత్తలు

• "అవ్వా, ఈపొద్దు ఒక్కపొద్దా?" అని ముందు అడగండి. తిరుపతిలో శనివారం, ఏకాదశి నాడు మరీనూ. అడిగితే గానీ చెప్పరు. అవునంటే డాక్టరుకు ఫోన్ చేశాకే సూది. తినకుండా వేస్తే షుగర్ పడిపోతుంది.

• వేలు కడిగి, ఆరాక షుగర్ చూడండి. లడ్డూ ప్రసాదం అంటిన వేలు రీడింగ్ పెంచి చూపిస్తుంది. 70 కంటే తక్కువుంటే ఇన్సులిన్ వద్దు. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్.

• సీసా మీద 40 (మి.లీ.కి 40 యూనిట్లు) అని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 ఉంటే నారింజమూత. 100 మందును 40 సిరంజిలో తీస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది. అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే.

• పాలలా ఉండే మిక్స్ మందును అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించండి, కుదపొద్దు.

• బొడ్డుకు రెండంగుళాల దూరం. నిన్నటి చోట వద్దు.